రేకులు విప్పిన బండి

షెడ్డులో ట్రాక్టర్ ముందు జాలీ ఊడి నేల మీద పడ్డ చప్పుడుకి వంటింట్లో గొడవ ఒక్క క్షణం ఆగింది.

"అదిగో, విన్నావా?" అంది ఆడపడుచు. "ఆ వయసులో, వేళ్ళు తిమ్మిరెక్కిపోయిన ఆ చేతులతో, నా తమ్ముడు నీ ట్రాక్టర్ విప్పుతున్నాడు. నువ్వు మాత్రం స్టవ్వు ముందు నిలబడి చోద్యం చూడు."

ట్రాక్టరమ్మ మంట తగ్గించింది. "నేను విప్పమనలేదు వదినా. మీ తమ్ముడే విప్పుతానన్నాడు."

"బండి స్టార్టయితే లోపలికి రానిమ్మని వాడే అడిగాడు, నిజమే. సరే అన్నదెవరు?"

"నేనే."

"నేనే అని ఊరుకుంటే ఎలా? కట్టుకున్న ఇంటి గడప తొక్కడానికి మగాడు పరీక్ష రాయాలా?"

"దాటి వెళ్ళేటప్పుడు రాయలేదుగా. వచ్చేటప్పుడు రాస్తే తప్పేంటి?"

ఆడపడుచు పైట సర్దుకుంది. ఒకటంటే పది అనే మనిషి ఆమె. మాటకి మాట గట్టిగా తగిలితే మాత్రం కాస్త వెనక్కి తగ్గుతుంది. తగ్గి, ఇంకో దారిన వస్తుంది.

"పోనీ, టీ అయినా పంపు వాడికి."

"పంపుతాను. షెడ్డులోకి."

ఆ ఆఖరి మాటని ట్రాక్టరమ్మ కావాలనే కాస్త నొక్కి పలికింది. మనిషి వచ్చి నాలుగు రోజులవుతోంది. పడక షెడ్డులో, తిండి షెడ్డులో, స్నానం పెరట్లో కుళాయి దగ్గర. ఆయన సంచి మాత్రం ఆడపడుచు సామానుతో పాటు ఇంట్లో ఉంది. ఇంటికీ షెడ్డుకీ మధ్య నలుగురు నడిచేంత జాగా కూడా లేదు గానీ, ఆ జాగాని ఆయన దాటలేదు. ఆమె దాటమనలేదు.

వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ పట్టదు. గ్యాస్కెట్ అంటేనే తెలుస్తుంది. కూతురు పలకా బలపం పట్టిన ఏడాది, ఈ బండికే బానెట్ విప్పి, రేకులు గోడకి ఆనించి, "టౌనుకెళ్ళి ఇంజన్ మూత కింద వేసే గ్యాస్కెట్ తెస్తాను" అని చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. అంతే. టౌనుకి అవతల ఇంకో ఊరుంది, ఆ ఊళ్ళో ఇంకో ఆవిడ ఉంది అని తర్వాత్తర్వాత తెలిసింది. అప్పట్నుంచి ఎవరు పని మీద వెళ్ళి ఆలస్యంగా వచ్చినా వీధిలో అడిగే మాట ఒకటే: "ఏంటి, గ్యాస్కెట్ కోసం వెళ్ళావా?"

ఆ వానాకాలమంతా బానెట్ పెరట్లో వెల్లకిలా పడి ఉంది. పక్కింటి కోడి అందులో గుడ్లు పెట్టి పొదిగింది. పిల్లలు లేచి వెళ్ళిపోయాక ఆమె బానెట్ కడిగి, అటొక మనిషినీ ఇటొక మనిషినీ బతిమాలి బండి బిగించుకుంది. తోలడం నేర్చుకుంది. ఆనక అరక తిప్పడం, టైరు మార్చడం, డీజిల్ గొట్టంలో గాలి తీయడం నేర్చుకుంది. మొదట్లో వెక్కిరింపుగా ట్రాక్టరమ్మ అన్నవాళ్ళే, పోనుపోను దుక్కి రోజుల్లో ఇంటికొచ్చి, "ట్రాక్టరమ్మా, మా చేనుకెప్పుడొస్తావు?" అని అడిగారు.

ఇప్పుడు ఆ రెండో ఊరి ఆవిడ పోయింది. ఆవిడ పిల్లలు గ్యాస్కెట్‌ని గుమ్మం బయట నిలబెట్టారు. ఆయన అక్కని వెంటేసుకుని ఇక్కడికొచ్చి మెట్ల కింద నిలబడ్డాడు. కిందటి ఆదివారం, వీధి సగం చూస్తుండగా, "బండి ఆగిపోయిందటగా. నేను బాగుచేస్తాను. అది స్టార్టయిన రోజే నన్ను లోపలికి రానివ్వు. అప్పటిదాకా అడగను" అన్నాడు. ఆమె సరే అంది.

ఎందుకందో ఆమెకి తెలియక కాదు.

బండి బాగవదు. ఆ సంగతి ఆమెకీ మెకానిక్‌కీ తప్ప మూడో మనిషికి తెలియదు. పోయిన పంటకి, ఇంకో రెండు సాళ్ళలో చేను అయిపోతుందనగా, రేడియేటర్ గొట్టం పగిలి నీళ్ళన్నీ కారిపోయాయి. మబ్బు పట్టింది. చేనుగలాయన గట్టు మీద నిలబడి తొందరపెట్టాడు. ఆమె ఆ రెండు సాళ్ళూ అలాగే లాగేసింది. బండి పొగలు కక్కింది. దిగి, పక్క బావి నుంచి బిందెడు చన్నీళ్ళు తెచ్చి ఒక్కసారిగా పోసింది. లోపల ఎక్కడో టప్పుమంది. అంత చిన్న చప్పుడు. మెకానిక్ వచ్చి, ఆయిల్లో పైకి తేలిన తెల్లటి నురగ చూసి, "ఇంజన్ బ్లాక్ పగిలిందక్కా. దీనికి అతుకు పడదు" అన్నాడు. ఆమె రేకులన్నీ మళ్ళీ బిగించి, తుడిచి, కూతురితో మాత్రం పంపు పోయింది, చూద్దాంలే అంది.

పగిలిన కుండ చేతికిచ్చి నీళ్ళు నింపుకురమ్మని పంపినట్టు పంపింది ఆయన్ని. వెళ్ళనీ. వంగి వంగి చూడనీ. తను కూడా చూసింది, వీధి మొగ వైపు, కళ్ళు కాయలు కాసేదాకా.

టీ గ్లాసు తీసుకుని షెడ్డులోకి వెళ్ళింది.

*

జాలీ ఊడదీసిన బండి ముందు పళ్ళు రాలిన మనిషిలా ఉంది. గ్యాస్కెట్ నేల మీద గోనెపట్టా పరుచుకుని, ఊడిన బోల్టుల్ని కిరసనాయిలు డబ్బాలో వేస్తున్నాడు. కూతురు చిట్టి బానెట్‌కి అటు చివర నిలబడి ఉంది. కుట్టుమిషన్ల షెడ్డులో పనికి ఇవాళ సెలవు పెట్టింది. సెలవు పెడుతున్నట్టు తల్లికి చెప్పలేదు.

"టీ" అంది ట్రాక్టరమ్మ, బండితో అన్నట్టు.

ఆయన్ని ఏమని పిలవాలో ఆమెకి తెగలేదు. వెనకటిలా మీరు అనడానికి మనసొప్పదు. నువ్వు అనడానికి నోరు రాదు. నాలుగు రోజులుగా ఆమె మాటలన్నీ తలా తోకా లేకుండా గాల్లోనే వేలాడుతున్నాయి: టీ అక్కడ పెట్టాను. నీళ్ళు పట్టి ఉన్నాయి. దుప్పటి కావాలేమో.

"అమ్మా, కాస్త తప్పుకో" అంది చిట్టి. "బానెట్ దించుతున్నాం. ఎత్తండి... ఎత్తు నాన్నా!"

నాన్నా అంది.

ఆ మాట ఎప్పుడు మొదలైందో ట్రాక్టరమ్మకి తెలియదు. నిన్నటిదాకా ఆయన, ఈయన అనే అంటోంది. నిన్న సాయంత్రానికీ ఇవాళ పొద్దుటికీ మధ్య ఏ బోల్టు దగ్గరో ఊడి ఉంటుంది ఆ బింకం. టీ గ్లాసు గోనెపట్టా పక్కన పెట్టింది.

బానెట్ దిగింది. ఇద్దరూ దాన్ని గోడకి ఆనించారు. ఆయన ఒక పక్క రేకు దగ్గరికి వచ్చి, వంగి, కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. రేకుకి ఉండాల్సిన గొళ్ళెం ఎప్పుడో ఊడిపోయింది. దాని బదులు తలుపు బందు ఒకటి బిగించి ఉంది.

"ఇదెవరు వేశారు?"

"ఎవరు వేస్తారు మరి?" అంది ఆమె.

ఆయన బందుని అటూ ఇటూ ఆడించి చూశాడు. "గొళ్ళెం కన్నా ఇదే నయం" అన్నాడు.

మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు ఆమె ఒంటి మీద గొంగళిపురుగులా పాకింది. చీవాట్లు పెట్టినా ఇంత చిరాకు పుట్టేది కాదు.

రేకు ఊడింది. డీజిల్ ట్యాంకు కింద, అదురు తగలకుండా, రబ్బరు చెప్పు కోసి పెట్టిన ముక్కలున్నాయి. ఫ్యాను చుట్టూ ఉన్న తొడుగు పగిలితే ఇనప తీగతో కుట్టిన కుట్లున్నాయి, సంచి మూతి కుట్టినట్టు. గొట్టానికి సైకిల్ ట్యూబు చుట్టి బిగించిన కట్లున్నాయి. ఆయన ఒక్కోదాన్నీ వేలితో తడిమి చూస్తున్నాడు. ఏదీ విప్పకుండా ముందు తడుముతున్నాడు. తను లేని ఇన్నేళ్ళనీ ఒక్కో రేకు కింద నుంచీ ఆయన తీసి చూస్తున్నట్టు ఆమెకి అనిపించింది. ఒంటి మీది బట్ట ఎవరో లాగుతున్నట్టుంది.

"అయ్యో, నా బెల్టు!" అని అరిచింది చిట్టి.

బ్యాటరీని కట్టి ఉంచింది చిట్టి బడి బెల్టే. రంగు పోయింది గానీ బకిలు అలాగే ఉంది.

"ఇది పోగొట్టానని నన్ను కొట్టావు కదమ్మా! బడి నుంచి వచ్చేదాకా ఏడ్చాను ఆ రోజు."

"కొట్టాక గుర్తొచ్చింది" అంది ట్రాక్టరమ్మ. "ముందు రోజు నేనే తీసి కట్టానని."

"మరి చెప్పొచ్చుగా?"

"చెబితే ఇమ్మంటావు. బ్యాటరీ జారిపోతుంది."

చిట్టి పకపకా నవ్వింది. ఆయనా నవ్వాడు. ఇద్దరి నవ్వూ ఒకటే, చివర్లో చిన్న ఎక్కిలితో ఆగే నవ్వు. అది ఆమె ఇన్నాళ్ళూ కూతురిదే అనుకుంది. ఒక్క క్షణం ఆమె పెదవీ కదలబోయింది. పళ్ళ బిగువున ఆపుకుంది.

"ఎల్లుండికి అయిపోతుంది కదా నాన్నా?" అంది చిట్టి. "కాలవ అవతల రెండిళ్ళల్లో చెప్పొచ్చాను. దుక్కికి మా బండి వస్తోంది, వేరేవాళ్ళని పిలవొద్దని."

గ్యాస్కెట్ తలెత్తి కూతుర్ని చూశాడు. తర్వాత భార్యని చూశాడు. ఆమె చూపు తిప్పేసుకుంది.

"చూద్దాం" అన్నాడు. గుడ్డ కిరసనాయిల్లో ముంచి ఇంజన్ పక్క భాగం తుడవడం మొదలుపెట్టాడు. ఒకచోట ఆయన చెయ్యి ఆగింది. ఆగి, ఆ గుడ్డని అక్కడే పరిచి వదిలేసి, ఇంకో వైపుకి వెళ్ళాడు.

చెప్పెయ్యాలి అనుకుంది ట్రాక్టరమ్మ. ఇప్పుడే, కూతురు ఇంకో ఇంటికెళ్ళి మాటివ్వకముందే. అంతలో ఆయన బోల్టు ఒకటి వేళ్ళ సందు నుంచి జారిపోతే, వెతుక్కుంటూ, "వస్తుందిలే, ఎక్కడికి పోతుంది" అని గొణిగాడు. ఆ మాట ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది. ఏమీ చెప్పకుండా ఖాళీ గ్లాసు తీసుకుని వచ్చేసింది.

*

మెకానిక్ మోపెడ్ గేటు దగ్గర ఆగేసరికి ఆడపడుచు మెట్ల మీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది. చిట్టి కుళాయి దగ్గర బకెట్ నింపుతోంది.

"అక్కా!" అని గేటు బయట నుంచే కేకేశాడు మెకానిక్. "పాత ఇనుము కొనే అతనికి చెప్పేశాను. శుక్రవారం లారీ తెస్తానన్నాడు."

ట్రాక్టరమ్మ గబగబా గేటు దాకా వచ్చి కళ్ళతో సైగ చేసింది. సైగలు అర్థం చేసుకునే మనిషే అయితే ఇంజన్లతో ఎందుకు కాపురం చేస్తాడు?

"అరె, మళ్ళీ విప్పారేంటి?" అన్నాడు షెడ్డు వైపు మెడ సాచి. "బ్లాక్ పగిలిన బండికి రేకులు తీసి ఏం చూస్తారక్కా? అప్పుడే చెప్పాను కదా, ఇది ఇంక లేవదని. ఎవరు, గ్యాస్కెట్టేనా విప్పేది? ఆయనకి చెప్పలేదా మీరు?"

కత్తిపీట మీద ఆడపడుచు చెయ్యి ఆగిపోయింది. కుళాయి కింద బకెట్ నిండి పొర్లుతోంది. చిట్టి కట్టలేదు.

మెకానిక్ ముగ్గురి మొహాలూ చూశాడు. "నాకు అవతల పనుంది" అని మోపెడ్ తిప్పుకున్నాడు.

మొదట నోరు విప్పింది ఆడపడుచే. కేకలు వెయ్యలేదు. అదే వింతగా ఉంది.

"తెలిసే అన్నావా, సరే అని?"

ట్రాక్టరమ్మ గేటు మూసి గొళ్ళెం పెట్టింది.

"నాలుగు రోజుల్నుంచి వాడు పొద్దున్నే లేచి ఆ బండికి దణ్ణం పెట్టుకుని స్పానర్ పడుతున్నాడు. నేను చూస్తున్నాను. నువ్వూ చూస్తున్నావు. లోపల లోపల నవ్వుకున్నావా?"

"నవ్వుకోలేదు."

"మరేం చేశావు?"

"చూశాను. అంతే వదినా. నేను మీ తమ్ముణ్ణి రమ్మనలేదు. విప్పమనలేదు. ఆ రోజు వెళ్ళనీయనని అడ్డం పడలేదు, ఈ రోజు చెయ్యనీయనని అడ్డం పడలేదు. అప్పుడూ నోరు మూసుకున్నాను, ఇప్పుడూ మూసుకున్నాను. అప్పుడు మంచిదాన్నయ్యాను. ఇప్పుడు చెడ్డదాన్నయ్యానా?"

"అప్పుడు నీకు తెలియదు. ఇప్పుడు తెలుసు. తేడా లేదూ?" ఆడపడుచు లేచి నిలబడింది. చీర కుచ్చెళ్ళలోంచి ముక్కలు రాలాయి. "వాడు చేసింది తప్పు కాదని నేను ఏనాడూ అనలేదు. నా కొడుకింట్లో నాకే జాగా లేదు, వాణ్ణెక్కడ పెట్టుకోను? అందుకే నీ దగ్గరికి తెచ్చాను. పొమ్మని ఉంటే అదే రోజు తీసుకుపోయేదాన్ని. ఏ గుడి మెట్ల మీదో కూర్చోబెట్టేదాన్ని. ఆశ పెట్టి చంపడం మాత్రం మా వంశంలో ఎవరూ చెయ్యలేదు."

"చేశారు" అంది ట్రాక్టరమ్మ నెమ్మదిగా. "ఒకాయన చేశారు."

ఆడపడుచు కిందికి వంగింది. తరిగిన ముక్కలన్నీ ఏరుకుని పళ్ళెంలో వేసుకుంటూ కూర్చుండిపోయింది. కళ్ళొత్తుకున్నప్పుడు ఉల్లిపాయ ఘాటుకేమో అనుకోవచ్చు. పళ్ళెంలో ఉల్లిపాయలు లేవు.

చిట్టి కుళాయి కట్టేసింది.

"రెండిళ్ళల్లో మాటిచ్చొచ్చానమ్మా."

"ఇవ్వమని నేను చెప్పానా?"

"బాగవుతుందని చెప్పలేదు. బాగవదనీ చెప్పలేదు." ఆమె గొంతు వణకలేదు. అలా వణకకుండా మాట్లాడటం తల్లి దగ్గర నేర్చుకున్నదే. "చిన్నప్పుడు నాన్న గ్యాస్కెట్ తెస్తాడా అని అడిగితే, తెస్తాడేమో అనేదానివి. తేడని నీకప్పటికే తెలుసు. తెలిసీ నన్ను గేటు పట్టుకుని నిలబడనిచ్చావు."

"నిన్ను ఏడిపించడం ఇష్టంలేక."

"ఇప్పుడెవర్ని ఏడిపించడం ఇష్టంలేక?"

కూతురు తడి చేతులు తుడుచుకోకుండానే షెడ్డు వైపు నడిచింది.

*

ట్రాక్టరమ్మ వెనకే వెళ్ళింది. ఆపుదామనే వెళ్ళింది. షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల మాటలు వినబడి, కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"నాన్నా, ఆపెయ్. ఇది బాగవదు. బ్లాక్..."

"తెలుసమ్మా."

స్పానర్ చప్పుడు ఆగలేదు.

"తెలుసా?"

"మొదటి రోజే ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూశాను. నురగ. ఇందాక పగులు కూడా కనబడింది, ఇదిగో, ఈ గుడ్డ కింద. వేడి మీద చన్నీళ్ళు పడ్డాయి. పాపం, తొందరలో పోసేసి ఉంటుంది."

ఎవరు పోశారని ఆయన అనలేదు. అనకపోయినా ట్రాక్టరమ్మ మొహం వేడెక్కింది.

"మరి అమ్మకి తెలుసని నీకు తెలుసా?"

చిన్న నవ్వు, చివర్లో ఎక్కిలి. "రేకులన్నీ విప్పి చూశానుగా. మీ అమ్మకి తెలియకుండా ఈ బండిలో ఒక్క బోల్టు కూడా లేదు."

"అయితే ఇదంతా ఎందుకు? ఎవరి కోసం విప్పుతున్నావు?"

స్పానర్ చప్పుడు ఆగింది.

"ఊరికే కూర్చుంటే ఎవరుంచుకుంటారు తల్లీ? విప్పుతూ ఉంటే పని ఉన్నట్టుంటుంది. మీ అమ్మ పూటకోసారి వచ్చి నిలబడుతుంది. నువ్వు నాన్నా అంటున్నావు. మడ్‌గార్డులున్నాయి, వెనక పలకలున్నాయి, ఇంకో వారం లాగొచ్చు. నువ్వు మాత్రం చెప్పకు. నాకు తెలుసని ఆమెకి తెలిస్తే ఈ వారం కూడా ఉండదు."

చిట్టి బయటికొచ్చింది. తల్లి అక్కడ ఉండటం చూసింది. చూసి, ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ట్రాక్టరమ్మ గోడ పట్టుకుని నిలబడింది. ఇన్నేళ్ళ కోపం ఒంట్లో ఎక్కడుందో వెతుక్కుంటే చేతికి తగల్లేదు. పోయిందా అంటే పోనూ లేదు. నిండు బిందె ఎత్తబోతే ఖాళీగా పైకొచ్చినట్టు, పట్టు తప్పి తూలింది మనిషి.

లోపలికి వెళ్ళింది. ఆయన బండెక్కి వెనక చక్రం మీది మడ్‌గార్డు బోల్టుతో కుస్తీ పడుతున్నాడు.

"దానికీ ఇంజనుకీ ఏం సంబంధం?" అంది.

"అడుగున తుప్పుంది. పనిలో పని."

"భోజనం వేళయింది."

"అక్కడ పెట్టు."

"లోపలికి రండి."

రండి అనేసింది. తనకి తెలియకుండానే నోటి నుంచి వచ్చేసింది. ఆయన చేతిలో స్పానర్ ఆగిపోయింది. తల మాత్రం తిప్పలేదు.

"బండి స్టార్టవలేదుగా" అన్నాడు.

"అవదు. మీకూ తెలుసు, నాకూ తెలుసు. విన్నాను. ఇంక ఇది చాలు. లోపలికి వచ్చి తినండి. మిగతాది తర్వాత చూసుకుందాం."

ఆయన మెల్లగా బండి దిగాడు. గోనెపట్టా మీద కూర్చున్నాడు. పొద్దుట్నుంచి ఆయన మొహంలో ఉన్న వయసు ఒకటి, ఇప్పుడు కనబడుతున్న వయసు ఒకటి.

"జాలిపడి పిలుస్తున్నావా?"

"జాలి కాదు."

"మరి?"

ఆమె పెదవులు కదిలాయి. జాలి కాదని తెలుసు. ప్రేమా కాదు. క్షమించడం అసలే కాదు. ఉన్నదానికి ఆమె దగ్గర పేరు లేదు. పేరు లేనిదాన్ని పట్టుకుని ఒక మనిషి గడప దాటి ఎలా వస్తాడు?

"నువ్వు అనకుండా ఉండాల్సింది" అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు. "తెలియనట్టే ఉండాల్సింది. ఇద్దరం అలాగే ఉండేవాళ్ళం. ఇప్పుడు పైకి అనేశావు. ఇంక నేను ఏ పని మీద ఇక్కడ ఉండాలి, చెప్పు?"

"పని లేకపోతే మనిషి ఉండకూడదా?"

"నాలాంటివాడు ఉండకూడదు."

ఆయన లేచి, డబ్బాలోంచి బోల్టులు తీసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. మడ్‌గార్డుకి ఊడదీసిన ఒక్క బోల్టునీ మళ్ళీ ఎక్కించాడు. తర్వాత పక్క రేకు ఎత్తి, దాని బందులో దాన్ని కూర్చోబెట్టాడు.

"ఏం చేస్తున్నారు?"

"బిగిస్తున్నాను."

"శుక్రవారం లారీ వస్తుంది. ఎలాగూ ముక్కలు చేసుకుపోతారు. ఎందుకు బిగించడం?"

"విప్పి వదిలేసి వెళ్ళను" అన్నాడు.

ఆయన ఎప్పటికన్నా వేగంగా పని చేశాడు. తిమ్మిరెక్కిన వేళ్ళకి ఆ వేగం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. రెండో రేకు, ఆ పైన జాలీ. ఒక్కోటి తన చోట కూర్చుంటున్నకొద్దీ చెప్పు ముక్కలూ తీగ కుట్లూ సైకిల్ ట్యూబు కట్లూ ఒక్కోటీ లోపలికి వెళ్ళిపోయాయి. చచ్చిన బండి చూస్తుండగానే మళ్ళీ బండి రూపుకి వస్తోంది. ఆడపడుచు మెట్ల మీద నుంచి ఇటు చూడటం మానేసి గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఆపాలంటే చెయ్యి పట్టుకోవాలి. ట్రాక్టరమ్మ ఆ చేతుల్ని చూసింది. ఎంత చూసినా తన చెయ్యి ముందుకి రాలేదు. అన్నేళ్ళు అరక మీదా స్టీరింగు మీదా ఉన్న చెయ్యి, బండి బరువంతా ఒంటిచేత్తో తిప్పిన చెయ్యి, గజం దూరం దాటలేకపోయింది.

చివరికి బానెట్ మిగిలింది. ఆయన ఒక చివర పట్టుకుని ఎత్తబోయాడు. ఒక్కడి వల్ల కాలేదు. ఇంటి వైపు చూసి, "చిట్టీ!" అని పిలిచాడు. పలకలేదు. మళ్ళీ పిలిచాడు.

ఇంక వేరే దారి లేక, "ఒక చెయ్యి వేస్తావా?" అని ఆమెని అడిగాడు.

ఇన్నేళ్ళలో ఆయన ఆమెని అడిగిన మొదటి సాయం అది. చెయ్యి వేస్తే పని అయిపోతుంది. పని అయిపోతే మనిషి వెళ్ళిపోతాడు. వెయ్యకపోతే ఆ బానెట్ పట్టుకుని అలాగే వంగి ఉంటాడు, పడేదాకా.

ఆమె రెండో చివర పట్టుకుంది. ఎత్తారు. అలవాటైన కన్ను కాబట్టి రంధ్రాలు తేలిగ్గానే కలిశాయి. ఆయన తన వైపు బోల్టు బిగించి, బానెట్ మీద నుంచి స్పానర్ ఆమెకి అందించాడు. "నీ వైపుది నువ్వు బిగించు. నాకు అందదు."

ఆమె తీసుకుంది. బోల్టు పెట్టి తిప్పింది. ఒక చుట్టు. రెండు. మూడో చుట్టుకి చెయ్యి ఆగిపోయింది.

గేటు గొళ్ళెం తీసిన చప్పుడు వినబడింది. తలెత్తి చూసింది. చిట్టి గేటు బయట, వీధి వైపు మొహం పెట్టి నిలబడి ఉంది. బయటికెళ్ళే చెప్పులు వేసుకుంది. తల దువ్వుకుంది. తండ్రి సంచి కుడి భుజానికి తగిలించుకుంది.

ఎడమ భుజానికి ఇంకో సంచి ఉంది. అది చిట్టిదే.